విడాకులప్పుడు ఆస్తిపాస్తుల లెక్క తేల్చుకోవడం: నా అనుభవం

విడాకులంటే ఆస్తిలో సగం వస్తుందనో, సగం పోతుందనో చాలామంది అనుకుంటారు. మన దగ్గర అలాంటి చట్టమే లేదు. కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించినది ఇద్దరిదీ అన్న సూత్రం ఉంది. 1955 హిందూ వివాహ చట్టంలో అది లేదు. ఇక్కడ ఎవరి పేరున ఉన్నది వాళ్లదే. కాదు, అందులో నా డబ్బు ఉంది అనేవాళ్లు కాగితంతో నిరూపించుకోవాలి. భరణం వేరు, ఆస్తి హక్కు వేరు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడినంతకాలం పెద్దమనుషుల పంచాయితీ ఎన్నిసార్లు కూర్చున్నా తేలదు.

మాది పరస్పర అంగీకారంతో తీసుకున్న విడాకులు. పంచుకోవాల్సినవి ఇవి: ఇద్దరి పేరునా కొన్న ఫ్లాట్, దాని మీద హోమ్ లోన్, లాకర్లో బంగారం, మా నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చిన పొలం, నడుస్తున్న చిట్టీలు, ఇన్సూరెన్స్ పాలసీలు. మధ్యతరగతి తెలుగు కుటుంబాల్లో దాదాపు ఇవే ఉంటాయి కాబట్టి ఒక్కోదాన్నీ ఎలా తేల్చుకోవాలో, ఎక్కడ తేడా వస్తుందో రాస్తున్నాను. ఇదంతా హిందూ చట్టం కిందికి వచ్చేవాళ్ల సంగతి. ముస్లిం, క్రైస్తవ వివాహాలకు చట్టాలు వేరు.

ముందు జాబితా

వకీలు దగ్గరికి వెళ్లేముందే ఒక జాబితా రాసుకోవాలి. ఒక్కో ఆస్తికి నాలుగు గడులు: ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లింది, దానికి ఆధారం ఏమిటి, దాని మీద అప్పు ఎంత ఉంది. విలువ కట్టడానికి ఒకే తేదీ పెట్టుకోవాలి. విడిగా ఉండటం మొదలైన నెల ఆఖరి రోజు బాగా పనికొస్తుంది. బంగారానికి ఒక తేదీ, షేర్లకు ఇంకో తేదీ, ఫ్లాట్‌కు మరో తేదీ పట్టుకుంటే ఎవరికి లాభమైన తేదీని వాళ్లు లాగుతారు.

ఆధారాలు తెచ్చుకునే దారులు తెలిసినవే, కానీ ఓపిక కావాలి. ఇళ్లు, స్థలాలకు ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయాలి. రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలు చూసుకోవచ్చు. పొలాలకు తెలంగాణలో భూభారతి (2025 ఏప్రిల్‌కు ముందు ధరణి), ఆంధ్రప్రదేశ్‌లో మీభూమిలో 1బి, అడంగల్ చూడాలి. మ్యూచువల్ ఫండ్లు, షేర్లు పాన్ నంబరు మీద వచ్చే ఒకే స్టేట్‌మెంట్‌లో కనిపిస్తాయి. ఆదాయపు పన్ను పోర్టల్లోని ఏఐఎస్ (వార్షిక సమాచార నివేదిక) తీస్తే ఎఫ్‌డీల వడ్డీ, షేర్ల అమ్మకాలు, స్థలాల కొనుగోళ్లు చాలావరకు బయటపడతాయి. బ్యాంకు స్టేట్‌మెంట్లు ఆన్‌లైన్లో కొన్నేళ్లవే దొరుకుతాయి. అంతకుముందువి కావాలంటే బ్రాంచిలో రాతపూర్వకంగా అడిగి, 1891 బ్యాంకర్స్ బుక్స్ ఎవిడెన్స్ చట్టం కింద సర్టిఫికెట్‌తో సహా తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్ లేని ప్రింటవుట్‌ను అవతలి వకీలు ఒక్క మాటతో పక్కన పెట్టించగలరు.

ఇవన్నీ మీ పాన్, మీ లాగిన్‌తో మాత్రమే చేయండి. భర్త మెయిల్లోకో, భార్య నెట్ బ్యాంకింగ్‌లోకో పాత పాస్‌వర్డ్ తెలుసు కదా అని దూరడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం కింద నేరం. దొరికిన కాగితం కన్నా దాన్ని తెచ్చిన తీరే కేసు అయి కూర్చుంటుంది. అవతలివాళ్ల లెక్క బయటికి రప్పించే పద్ధతి వేరే ఉంది, అది కింద చెప్తాను. మీవైపు మాత్రం మెయిల్, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌లు వెంటనే మార్చుకోండి. ఆధార్‌కు, బ్యాంకుకు జోడించిన ఫోన్ నంబరు మీ చేతిలో ఉన్న సిమ్‌దేనా చూసుకోండి. చాలా ఇళ్లలో భార్య ఖాతాకు ఓటీపీలు భర్త ఫోన్‌కే వెళ్తుంటాయి.

బంగారం

అన్నిటికన్నా ఎక్కువ గొడవ దీని మీదే. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత ఆమెకు ఇచ్చిన నగలు, కానుకలు స్త్రీధనం. ఇచ్చింది పుట్టింటివాళ్లైనా అత్తింటివాళ్లైనా అవి ఆమెవే. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. అవసరానికి భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే నమ్మకద్రోహం కింద కేసు పెట్టవచ్చు. ఒకప్పుడు అది ఐపీసీ 406, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 316. అయితే అడగాల్సింది ఆమే. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో, కూతురికి అమెరికాలో విడాకులయ్యాక తండ్రి ఆ నగల కోసం అత్తింటివాళ్ల మీద కేసు పెడితే, ఆమె అధికారం ఇవ్వనిదే తండ్రికి ఆ హక్కు లేదని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన ఇళ్లలో తండ్రులు, అన్నలే ముందుండి నడిపిస్తారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన విషయం.

చిక్కంతా నిరూపించడంలోనే. పెళ్లి కానుకల జాబితా రాసి వధూవరులిద్దరూ సంతకాలు పెట్టాలని 1985 నుంచి నిబంధన ఉంది. పాటించే ఇల్లు అరుదు. పెళ్లి ముచ్చట్లప్పుడు పెద్దలు రాసుకున్న చీటీ ఉన్నా అందులో ‘30 తులాలు’ అని ఉంటుంది. పాత లెక్కలో తులం 11.66 గ్రాములు, ఇప్పుడు దుకాణంలో 10 గ్రాములు. 30 తులాల దగ్గర తేడా దాదాపు 50 గ్రాములు. కోస్తావైపు సవర అంటే 8 గ్రాములు. అందుకే కోర్టుకు వెళ్లే కాగితంలో తులాలు, సవరలు, కాసులు అని రాయకుండా గ్రాముల్లోనే రాయాలి.

జాబితా లేనివాళ్లకు పనికొచ్చే ఆధారాల్లో నా దృష్టిలో అన్నిటికన్నా గట్టిది గోల్డ్ లోన్ రసీదు. ఇల్లు కొనేటప్పుడో వ్యాపారానికో నగలు కుదువ పెట్టి ఉంటే, ఆ రోజు బ్యాంకు అప్రైజర్ ఒక్కో వస్తువునూ తూచి రాసి ఉంటాడు: వడ్డాణం 1, గాజులు 6, హారం 1, మొత్తం బరువు ఇంత, రాళ్లు తీసేస్తే నికర బరువు ఇంత. తేదీ, బ్యాంకు ముద్ర ఉంటాయి. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందో కూడా అక్కడే తెలుస్తుంది. అది లేకపోతే నగల దుకాణం బిల్లులు, పెళ్లి ఫొటోలు, వీడియో. ఫొటో వస్తువు ఉందని చూపిస్తుంది, బరువు చూపించదు.

నగలు లాకర్లో ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లి, ఒక అప్రైజర్‌ను పెట్టుకుని తూయించి, అక్కడే పంచనామా లాంటి కాగితం రాసుకోవడం మేలు. మేం అలాగే చేశాం. గడులు ఇలా వేసుకోవాలి: వస్తువు పేరు, మొత్తం బరువు, రాళ్లు, ముత్యాలు, మైనం బరువు, నికర బంగారం, క్యారెట్, హెచ్‌యూఐడీ (హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య) ఉంటే ఆ ఆరు అక్షరాల కోడ్, ఎవరు ఇచ్చారు, ఇప్పుడు ఎవరికి చెందుతుంది. కుందన్, పచ్చి పని నగల్లో లోపల లక్క ఉంటుంది. మొత్తం బరువునే బంగారంగా లెక్కేస్తే తీసుకునేవాళ్లకు నష్టం. తరుగు, మజూరీ లెక్కలోకి రావు. కొన్నప్పుడు కట్టిన బిల్లు మొత్తాన్నే విలువగా అడిగితే అప్పుడు లెక్క చెడుతుంది. ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకాలు, అప్రైజర్ సంతకం ఉండాలి.

ఒక్కరే వెళ్లి తెరిచేస్తారన్న భయం ఉంటే, జాయింట్ లాకరైతే బ్యాంకుకు రాతపూర్వకంగా వివాదం సంగతి తెలిపి, ఇద్దరూ వస్తేనే తెరవమని అడిగి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం లాకర్ తెరిచిన రోజే ఎస్సెమ్మెస్, మెయిల్ రావాలి. మీ నంబరు అక్కడ నమోదై ఉందో లేదో చూసుకోవాలి. పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు అని చెప్పే లెక్క 1994లో ఆదాయపు పన్ను సోదాల కోసం ఇచ్చిన ఆదేశం. విడాకుల్లో ఎవరికెంత అన్నదానికి దాంతో ఏ సంబంధమూ లేదు.

ఇద్దరి పేరునా ఉన్న ఫ్లాట్

సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లున్నాయి కాబట్టి చెరి సగం అన్నది సగం నిజం. ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్ ప్రకారం ఎవరెంత పెట్టారో ఆధారం ఉంటే ఆ నిష్పత్తిలో వాటా. ఆధారం లేకపోతేనే సమానమని భావిస్తారు. కాబట్టి ముందు లెక్క వేసుకుని, తర్వాతే సగానికి ఒప్పుకోవాలో లేదో నిర్ణయించుకోవాలి.

ఒక ఉదాహరణతో చూడండి. ఫ్లాట్ ఖర్చు రిజిస్ట్రేషన్‌తో కలిపి 80 లక్షలు. లోన్ 60 లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏళ్లు. చేతి నుంచి పెట్టిన 20 లక్షల్లో భార్యవి 12 (అందులో 8 ఆమె తండ్రి ఇచ్చినవి), భర్తవి 8. ఈఎంఐ దాదాపు 54 వేలు భర్త ఖాతా నుంచి వెళ్తుంది, ఆమె నెలనెలా 20 వేలు అతని ఖాతాలో వేస్తుంది. ఐదేళ్లు గడిచాయి. కట్టిన ఈఎంఐలు 32.4 లక్షలు. అయినా అసలులో తగ్గింది 6.8 లక్షలే, మిగతా 25.6 లక్షలు వడ్డీకి పోయింది. ఇంకా 53.2 లక్షల బాకీ ఉంది. ఫ్లాట్ ఇప్పుడు 1.2 కోట్లు పలికితే బాకీ పోను మిగిలేది 66.8 లక్షలు.

ఇప్పుడు దీన్ని పంచడానికి రెండు పద్ధతులు. ఈఎంఐలు మొత్తం పెట్టుబడిగా లెక్కిస్తే ఆమెవి 12 + 12 = 24 లక్షలు, అతనివి 8 + 20.4 = 28.4 లక్షలు. ఆమె వాటా 45.8 శాతం, అంటే సుమారు 30.6 లక్షలు. వడ్డీ అనేది ఆ ఐదేళ్లు ఇంట్లో ఉన్నందుకు ఇద్దరూ కట్టిన అద్దె లాంటిది, అసలు తగ్గిన మేరకే పెట్టుబడి అనుకుంటే ఆమెవి 14.5, అతనివి 12.3 లక్షలు. ఆమె వాటా 54.2 శాతం, సుమారు 36.2 లక్షలు. ఆస్తి అదే, కాగితాలు అవే. పద్ధతి మారితే 5.6 లక్షలు అటు ఇటు అవుతున్నాయి. ఎక్కువ ముందు పెట్టినవాళ్లకు రెండోది లాభం, నెలనెలా ఎక్కువ కట్టినవాళ్లకు మొదటిది లాభం. ఈ రెండు లెక్కలూ వేసుకోకుండా మాటలకు కూర్చోకండి. ఆమె జీతంతో ఇల్లు గడిచి, అతని జీతంతో ఈఎంఐ కట్టిన ఇళ్లలో ఈ లెక్కలేవీ న్యాయం చేయవు. అక్కడ సరుకులు, స్కూలు ఫీజులు, కరెంటు బిల్లులు ఎవరి ఖాతా నుంచి వెళ్లాయో చూపించి సమానం అడగడమే సబబు. ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు, మధ్యవర్తుల ముందు నిలిచే వాదన కూడా.

తండ్రి ఇచ్చిన ఆ 8 లక్షలు చెక్కు ద్వారా కూతురి ఖాతాలోకి వచ్చి, అక్కడి నుంచి బిల్డర్‌కు వెళ్తే ఏ గొడవా లేదు. మామగారు నేరుగా అల్లుడి ఖాతాలో వేసి ఉంటే అది అల్లుడికిచ్చిన కానుకా, అప్పా, కూతురి వాటానా అని వాదన మొదలవుతుంది. నగదుగా ఇస్తే ఇక చెప్పక్కర్లేదు. భార్య ఒక్కదాని పేరున కొని డబ్బంతా భర్త పెట్టిన సందర్భంలో అతనికి పూర్తిగా దారి మూసుకుపోదు. లెక్క చూపగల డబ్బుతో భార్య పేరున కొన్నది బినామీ నిషేధ చట్టం కిందికి రాదు కాబట్టి తన డబ్బేనని వాదించవచ్చు. కానీ అది కానుక కాదని నిరూపించే భారం అతనిదే.

అసలు చిక్కు బ్యాంకుతో. ‘ఫ్లాట్ ఆమెకు, లోన్ ఆమే కడుతుంది’ అని కోర్టు డిక్రీ ఇచ్చినా బ్యాంకుకు అది పట్టదు. రాజీలో బ్యాంకు పార్టీ కాదు. ఇద్దరూ సంతకం పెట్టారు, కాబట్టి ఇద్దరూ బాకీదారులే. ఆమె రెండు నెలలు కట్టకపోతే అతని సిబిల్ స్కోరు పడిపోతుంది. సహ రుణగ్రహీత పేరు తీసేయడాన్ని బ్యాంకు కొత్త లోన్ లాగే చూస్తుంది. మిగిలే ఒక్కరి జీతం ఆ బాకీకి సరిపోతుందా అని మళ్లీ లెక్కేస్తుంది. సరిపోకపోతే ఒప్పుకోదు. కాబట్టి రాజీ పత్రం రాయకముందే బ్యాంకు నుంచి సూత్రప్రాయ అంగీకారం రాతపూర్వకంగా తెచ్చుకోవాలి. రాకపోతే అమ్మి బాకీ తీర్చి మిగిలింది పంచుకోవడమే శుభ్రమైన దారి. సెంటిమెంటు కోసం మోయలేని లోన్ నెత్తిన వేసుకోవద్దు.

పసుపు కుంకుమ పొలం, చిట్టీలు, ప్రోనోట్లు

పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి ఆమెదే. దానికి రిజిస్టర్డ్ గిఫ్ట్ దస్తావేజు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ చెబుతోంది. నోటిమాటగా ఇచ్చి పాస్‌బుక్ తండ్రి పేరునే ఉన్న పొలాలు బోలెడు. అలాంటిది ఉంటే ఇప్పుడైనా తండ్రి చేత రిజిస్టర్ చేయించుకోవచ్చు, కాకపోతే భరణం వాదనలో అది ఆమె ఆస్తిగా లెక్కకొస్తుందని తెలిసి చేయాలి. పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకున్న వాటా కూడా ఆమె సొంతం. ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఆ హక్కు ఇచ్చింది, దేశమంతా 2005లో వచ్చింది. అలాగే భర్తకు తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో ఉన్న వాటాను విడాకుల్లో భార్యకు పంచరు. భరణం ఎంత అని తేల్చేటప్పుడు మాత్రం చూస్తారు.

ఎక్కువగా నష్టపోయేది ఆ పొలం అమ్మి ఆ డబ్బుతో భర్త పేరున ప్లాటు కొన్నవాళ్లు. అక్కడ గొలుసు చూపించాలి: పొలం అమ్మిన దస్తావేజు, ఆ డబ్బు ఖాతాలో పడిన తేదీ, అక్కడి నుంచి ప్లాటు అమ్మినవాళ్లకు వెళ్లిన ఆర్టీజీఎస్. దస్తావేజులో రాసిన ధర ఒకటి, చేతికొచ్చింది ఇంకొకటి అయితే బ్యాంకులో పడిన మేరకే నిలుస్తుంది.

చిట్టీల సంగతి చాలామంది మర్చిపోతారు. పాట పాడుకోని చిట్టీ ఆస్తి. పాడుకున్న చిట్టీ అప్పు, మిగిలిన వాయిదాలు కట్టాలి. పాడుకున్నప్పుడు భార్యో, బావమరిదో జామీను సంతకం పెట్టి ఉంటారు. విడాకులైనా ఆ జామీను పోదు. రాజీ పత్రంలో చిట్టీ గ్రూపు, టికెట్ నంబరు, మిగిలిన వాయిదాలు రాసి, జామీను మార్పించే బాధ్యత ఎవరిదో పేర్కొనాలి. రిజిస్టర్ కాని చిట్టీలైతే కాగితమే ఉండదు కాబట్టి ఆ డబ్బు లెక్కలోకి రాదనుకుని సాగండి.

ఇక ప్రోనోట్లు. కేసు మొదలయ్యాక హఠాత్తుగా చిన్నాన్నకు పది లక్షలు, స్నేహితుడికి ఐదు లక్షలు బాకీ ఉన్నట్టు పాత తేదీలతో నోట్లు పుట్టుకొస్తాయి. వాటికి అడగాల్సిన ప్రశ్నలు: డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వచ్చింది? నగదైతే 20 వేలు, ఆపైన నగదు అప్పు తీసుకోకూడదన్న ఆదాయపు పన్ను నిబంధన సంగతేమిటి? అప్పిచ్చినవాళ్లు రిటర్నుల్లో చూపించారా? ఈ ప్రశ్నలకు జవాబు లేని నోటు ఎక్కువసేపు నిలవదు.

కాపాడుకోవడం అంటే దాచడం కాదు

కేసు వస్తోందని తెలిసి ఇల్లు తల్లి పేరుకో, తమ్ముడి పేరుకో గిఫ్ట్ రాసేవాళ్లున్నారు. స్థిరాస్తి మీద దావా నడుస్తుండగా చేసిన బదిలీ ఆ దావా ఫలితానికి కట్టుబడి ఉంటుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్, బాకీదారులను మోసం చేయడానికి చేసిన బదిలీని రద్దు చేయించవచ్చని 53వ సెక్షన్ చెబుతున్నాయి. దానికి మించిన నష్టం, ఒక్కసారి దాచినట్టు తేలితే మిగతా ఏ లెక్క చెప్పినా జడ్జి నమ్మరు.

2020 నవంబరు 4న రజనేష్ వర్సెస్ నేహా తీర్పు తర్వాత భరణం అడిగిన ప్రతి కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. జీతం, ఖర్చులు, ఖాతాలు, పాలసీలు, స్థలాలు, వాహనాలు, అప్పులు అన్నీ ప్రమాణం చేసి రాయాలి. అవతలివాళ్ల లెక్క బయటికి వచ్చేది ఇక్కడే. అనుమానం ఉన్న ఖాతా నంబరో, ప్లాటు సర్వే నంబరో చెప్పి ఆ కాగితాలు తెప్పించమని ఐఏ (నడుస్తున్న కేసులో వేసే మధ్యంతర దరఖాస్తు) వేయవచ్చు. ‘చాలా ఆస్తులున్నాయి’ అని గాల్లో రాసిన పిటిషన్‌కు ఏమీ రాదు. అబద్ధం రాసినట్టు తేలితే తప్పుడు ప్రమాణం కింద చర్యకు అడగవచ్చు.

అమ్మేస్తారన్న భయం నిజమైతే దారులున్నాయి. భార్యకు గృహహింస చట్టం 18వ సెక్షన్ బలమైనది. ఆస్తులు అమ్మకుండా, లాకర్లు, ఖాతాలు కదపకుండా మెజిస్ట్రేట్ ఆదేశించవచ్చు, 23వ సెక్షన్ కింద మధ్యంతరంగా కూడా ఇవ్వవచ్చు. అదే చట్టం 19వ సెక్షన్ ఇంట్లోంచి గెంటేయకుండా కాపాడుతుంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లైనా కాపురం చేసిన ఇల్లు కావచ్చని 2020లో సతీశ్ చందర్ అహూజా తీర్పు చెప్పింది. అది ఉండే హక్కు మాత్రమే, యాజమాన్యం కాదు. భర్తకు ఈ చట్టం లేదు. అతను ఫ్యామిలీ కోర్టులో ఆస్తి దావా వేసి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 కింద ఇంజంక్షన్ (ఆస్తి కదపకుండా ఆపే ఉత్తర్వు) అడగాలి. ఆ ఆర్డర్ వచ్చాక కాపీని స్వయంగా తీసుకెళ్లి సబ్‌రిజిస్ట్రార్‌కు, బ్యాంకుకు ఇచ్చి ముద్ర వేయించుకోవాలి. కోర్టు పంపిస్తుందిలే అనుకుంటే ఈలోపు రిజిస్ట్రేషన్ అయిపోతుంది.

‘ఐదర్ ఆర్ సర్వైవర్’ ఖాతాలో ఉన్న డబ్బును ఎవరైనా ఒక్క సంతకంతో తీసేయవచ్చు. అందులో మీ జీతం పడుతుంటే మొదటి పని జీతాన్ని వేరే ఖాతాకు మార్చుకోవడం. ఉన్నదాంట్లో పిల్లల ఖర్చుకు, ఈఎంఐకి సరిపడా ఉంచి మిగిలింది సగం తీసుకుని, తీసుకున్నట్టు మెయిల్లో చెప్పండి. ఖాతా మొత్తం ఊడ్చేసినవాళ్లు తర్వాత కోర్టులో సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

రాజీ పత్రం రాసే తీరు

హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర విడాకులకు ఏడాదిగా విడిగా ఉండాలి. మొదటి మోషన్‌కు (ఇద్దరూ కలిసి కోర్టులో చేసే మొదటి విన్నపం), రెండోదానికి మధ్య 6 నెలల గడువు. 2017 అమర్‌దీప్ సింగ్ తీర్పు తర్వాత ఆ గడువును కోర్టు మినహాయించవచ్చు, కానీ భరణం, పిల్లలు, ఆస్తి అన్నీ నిజంగా తేలిపోయాయా అని చూస్తుంది. కాబట్టి ఆస్తి ముక్క ఎంత స్పష్టంగా ఉంటే అంత త్వరగా అవుతుంది.

రెండో మోషన్ దాకా ఎవరైనా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చు. డబ్బు మొత్తం ముందే ఇస్తే ఇచ్చినవాళ్లకు ప్రమాదం, మొత్తం చివరన అంటే తీసుకునేవాళ్లకు ప్రమాదం. కొంత మొదటి మోషన్ రోజు, మిగిలింది రెండో మోషన్ రోజు జడ్జి ముందు డీడీ రూపంలో ఇవ్వడం మంచి పద్ధతి. రాబోయే తేదీ వేసిన చెక్కులు వద్దు. అవి బౌన్స్ అయితే మళ్లీ ఇంకో కేసు. నగలు, సర్టిఫికెట్లు, సామాన్లు అందినట్టు రసీదు విడిగా రాసుకుని పిటిషన్‌కు జతచేయాలి. క్రిమినల్ కేసులు, డీవీసీ (గృహహింస కేసు) ఉంటే ఏది ఎప్పుడు ఉపసంహరించాలో, హైకోర్టులో కొట్టివేతకు ఎవరు సహకరించాలో తేదీలతో రాయాలి.

చాలామంది వదిలేసే అంశం ఒకటుంది. ఫ్లాట్‌ను, స్థలాన్ని పిటిషన్ షెడ్యూల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులతో చేర్చాలి. దావా విషయంలో లేని స్థిరాస్తి గురించి రాజీ డిక్రీలో రాస్తే, దాన్ని విడిగా రిజిస్టర్ చేయించాలని రిజిస్ట్రేషన్ చట్టం 17(2)(6) చెబుతోంది. షెడ్యూల్ లేని డిక్రీ పట్టుకుని వెళ్తే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పని జరగదు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్ కింద పెళ్లి కానుకల గురించి, ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ కింద మిగతా ఆస్తి గురించి రెండూ కలిపి అడగడం క్షేమం. ఎందుకంటే 27వ సెక్షన్ ఇద్దరికీ ఉమ్మడిగా చెందినవాటికే వర్తిస్తుంది. పైగా అది డిక్రీలోనే రావాలి, తర్వాత అడిగితే వేరే దావానే.

ఒకరు తమ వాటా వదులుకుంటూ విడుదల పత్రమో, గిఫ్ట్ సెటిల్‌మెంటో రాయాలంటే స్టాంపు రుసుము ఏ రకం దస్తావేజు అన్నదాన్ని బట్టి మారుతుంది. కుటుంబసభ్యులకిచ్చే తగ్గింపు రేటు వివాహబంధం ఉన్నంతవరకే. పన్ను కూడా అంతే. భార్యాభర్తల మధ్య కానుకకు పన్ను లేదు, డిక్రీ తర్వాత వాళ్లు బంధువులు కారు. వాటాకు బదులు డబ్బు తీసుకుంటే మూలధన లాభం లెక్క రావచ్చు. ఒకేసారి తీసుకున్న భరణం ఆదాయం కాదని కోర్టులు చెప్పాయి, నెలనెలా వచ్చేది మాత్రం ఆదాయమే. ఈ ఒక్క విషయానికి వకీలుతో పాటు ఆడిటర్‌ను కూడా కూర్చోబెట్టాలి.

పిల్లల భరణాన్ని తల్లో తండ్రో వదులుకుంటున్నట్టు రాసినా చెల్లదు. మైనర్ పేరున ఉన్న స్థలాన్ని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. ‘పిల్లాడి పేరున రాసేద్దాం’ అని గొడవ సర్దేసేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 18 ఏళ్లదాకా అది కదలదు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. తిరుపతిలో పెళ్లై, మిస్సోరీ కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో వై. నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇద్దరూ ఆ కోర్టుకు లోబడి, ఇక్కడి చట్టం ఒప్పుకునే కారణంతో వచ్చిన డిక్రీకే విలువ. ఇక్కడి ఇల్లు, పొలం హక్కును అక్కడి కోర్టు తేల్చలేదు. కానీ వాటి విలువను లెక్కలోకి తీసుకుని అక్కడి ఆస్తి పంచగలదు. అందుకే ఇక్కడి ఆస్తి పత్రాలు, అందులో పుట్టింటి డబ్బెంతో చూపే కాగితాలు అక్కడి వకీలుకు ముందే ఇవ్వాలి.

డిక్రీ వచ్చాక

సర్టిఫైడ్ కాపీలు నాలుగైదు ఒకేసారి తీసుకోండి. బ్యాంకు, సబ్‌రిజిస్ట్రార్, పాస్‌పోర్ట్ ఆఫీసు ఎవరికి వాళ్లు అడుగుతారు, మళ్లీ కాపీ అప్లికేషన్ పెడితే మళ్లీ ఎదురుచూపే. విడుదల పత్రం రిజిస్టర్ కాగానే ఈసీ తీసి పేరు మారిందో లేదో చూడాలి. తర్వాత ఆస్తి పన్ను, కరెంటు మీటరు, సొసైటీ రికార్డుల్లో పేరు మార్పించుకోవాలి.

నామినీల పేర్లు వాటంతట అవి మారవు. పీఎఫ్, బ్యాంకు, డీమ్యాట్, ఎల్‌ఐసీ అన్నిట్లో విడివిడిగా మార్చాలి. 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్య పేరున తీసుకున్న పాలసీ మాత్రం ఆమెకు ట్రస్టు, విడాకులైనా దాన్ని వెనక్కి తీసుకోలేరు. రాజీలో దాని సంగతి విడిగా రాసుకోవాలి. డిక్రీ రాకముందు ఎవరికైనా ఏమైనా జరిగితే, ఏళ్లుగా విడిగా ఉంటున్నా అవతలివాళ్లు చట్టప్రకారం వారసులే. అలా కాకూడదనుకుంటే వీలునామా డిక్రీ దాకా ఆగకుండా పిటిషన్ వేసిన వారంలోనే ఇద్దరు సాక్షులతో రాసి, వీలైతే రిజిస్టర్ చేయించండి.